రుద్రమదేవి వంశ చరిత్ర

రుద్రమదేవి ఓరుగల్లు రాజధానిగా ఆంధ్రదేశాన్ని పరిపాలించిన కాకతీయ సామ్రాజ్ఞి. పాలనాకాలం క్రీ.శ. 1262 నుండి 1289 వరకు. ఈమె గణపతిదేవ చక్రవర్తి కుమార్తె, ప్రతాపరుద్రునికి మాతామహి. అయితే ఈమె గణపతిదేవుని కుమార్తెయా, భార్యయా అన్న విషయమై ఒకప్పుడు చరిత్రకారులలో భిన్నాభిప్రాయాలు ఉండేవి. కృష్ణాతీరంలోను, తెలంగాణలోను లభించిన శాసనాల వలన ఈమె వంశక్రమం స్పష్టమైనది.

వంశ మూలాలు

కాకతీయుల పూర్వీకులను తెలిపే తొలి ఆధారం కృష్ణా మండలంలోనే లభించింది. కొండపల్లికి పశ్చిమాన, నందిగామ ప్రాంతంలో ఉన్న మాగల్లు గ్రామాన్ని వేంగీ చాళుక్యరాజు దానార్ణవుడు క్రీ.శ. 956లో ఒక బ్రాహ్మణునికి దానమిచ్చాడు. కాకర్త్య గుండ్యన అనే సేనాని కోరికపై ఇచ్చిన ఈ దానపు తామ్రశాసనంలో గుండ్యన పూర్వీకుల పేర్లు కూడా ఉన్నవి. ఈ గుండ్యన కాకతీయుల మూలపురుషులలో ఒకడు.

తరువాత ఈ వంశం హనుమకొండలో స్థిరపడి కల్యాణి చాళుక్యులకు సామంతులుగా ఎదిగింది. రెండవ ప్రోలరాజు కుమారుడైన రుద్రదేవుడు స్వతంత్రుడై పాలించాడు. ఇతని స్వతంత్రతను క్రీ.శ. 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనం తెలుపుతుంది. రుద్రదేవుని తమ్ముడు మహాదేవుడు. మహాదేవునికి, బయ్యమాంబకు జన్మించినవాడే గణపతిదేవుడు.

కుటుంబ స్త్రీల శాసనాలు

ఈ వంశవృక్షాన్ని నేటికి అందించిన శాసనాలలో కుటుంబ స్త్రీలు వేయించినవి ముఖ్యమైనవి. గణపతిదేవుని సోదరి, అనగా రుద్రమకు మేనత్త అయిన మైలాంబ నతవాడి వంశపు రుద్రుని భార్య. ఈమె నేటి మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారంలో చెరువు త్రవ్వించి, అక్కడి శాసనంలో తన పుట్టింటి వంశాన్ని వెన్నరాజు మొదలుకొని వరుసగా చెప్పించింది.

రుద్రమదేవి సోదరి గణపాంబను ధరణికోట పాలకుడైన కోట బేతరాజుకు ఇచ్చి వివాహం చేశారు. భర్త మరణానంతరం ఆమె ఆ ప్రాంతాన్ని పాలించింది. గుంటూరు జిల్లా యనమదలలోని ఆమె శాసనం పుట్టింటి వంశాన్ని, మెట్టినింటి వంశాన్ని రెండింటినీ తెలుపుతుంది.

కుమార్తెయా, భార్యయా?

13వ శతాబ్ది చివర దక్షిణ భారతాన్ని దర్శించిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో, మోటుపల్లి రాజ్యాన్ని గురించి వ్రాస్తూ, భర్త మరణానంతరం రాజ్యమేలిన రాణిగా ఈమెను పేర్కొన్నాడు. 19వ శతాబ్దపు కొందరు రచయితలు దీనిని నమ్మి రుద్రమను గణపతిదేవుని భార్యగా భావించారు.

ఈ సందేహాన్ని తీర్చినది మల్కాపురం శాసనం. కొండపల్లి ప్రాంతానికి కృష్ణానది ఆవలి ఒడ్డున, తుళ్ళూరు మండలంలో ఉన్న మల్కాపురంలోని ఈ శిలాస్తంభం క్రీ.శ. 1261 నాటిది. ఇందులో రుద్రమదేవి గణపతిదేవుని పుత్రికగానే పేర్కొనబడింది. తండ్రి సంకల్పించిన మందడం గ్రామాన్ని, దానితోపాటు వెలగపూడిని ఆమె శైవాచార్యుడైన విశ్వేశ్వర శంభువుకు దానం చేసింది. ఈ దానంతో మఠం, విద్యాలయం, అన్నసత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడిచాయి.

పుత్రసంతానం లేని గణపతిదేవుడు రుద్రమను కుమారునివలె భావించి, రుద్రదేవుడని పేరిడి రాజ్యభారం అప్పగించాడని విద్యానాథుని ప్రతాపరుద్రీయం తెలుపుతుంది. పలు శాసనాలు ఈమెను రుద్రదేవ మహారాజు అని పురుషనామంతోనే వ్యవహరించాయి. కనుక రుద్రమకు రాజ్యాధికారం భర్త నుండి కాక తండ్రి నుండి వారసత్వంగా సంక్రమించినదని స్పష్టమగుచున్నది. వితంతురాణి తాత్కాలికంగా రాజ్యం నడపటం వేరు, కుమార్తె సింహాసనానికి వారసురాలు కావటం వేరు. ఆ కాలంలో ఇది అరుదైన విషయం.

వివాహం, సంతానం

రుద్రమదేవి భర్త నిడదవోలు పాలకులైన తూర్పు చాళుక్య వంశానికి చెందిన వీరభద్రుడు. వీరికి ముగ్గురు కుమార్తెలు.

* ముమ్మడమ్మ: భర్త మహాదేవుడు. వీరి కుమారుడే ప్రతాపరుద్రుడు.
* రుద్రమ: భర్త యాదవ వంశపు ఎల్లణదేవుడు.
* రుయ్యమ్మ: భర్త ఇందులూరి అన్నయ మంత్రి.

రుద్రమకు కూడ పుత్రసంతానం లేనందున దౌహిత్రుడైన ప్రతాపరుద్రుని దత్తత తీసుకొని వారసునిగా నిర్ణయించింది. ఈ విధంగా వరుసగా రెండు పర్యాయాలు కాకతీయ సింహాసనం కుమార్తెల ద్వారానే సంక్రమించింది.

మరణం

నల్గొండ జిల్లా చందుపట్ల గ్రామంలోని శాసనం క్రీ.శ. 1289 నవంబరు 27 నాటిది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందగా, వారి పుణ్యం కొరకు పువ్వుల ముమ్మడి అనే సేవకుడు చేసిన దానాన్ని ఇది తెలుపుతుంది. కాయస్థ అంబదేవునితో జరిగిన యుద్ధంలో వీరు మరణించి ఉంటారని చరిత్రకారుల అభిప్రాయం. ఆమె అనంతరం సింహాసనమెక్కిన ప్రతాపరుద్రుడు కాకతీయులలో చివరి చక్రవర్తి. క్రీ.శ. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల వశమగుటతో ఈ వంశపు పాలన ముగిసింది.