తన కంటిని తానే చూచిన శాస్త్రవేత్త

తూర్పు కనుమల అంచున ఉన్న నర్సీపట్నంలో వాన వెలిసిన మరునాడు ఆకాశం తేటగా మెరుస్తుంది. అటువంటి ఆకాశం వంక తదేకంగా చూచే విద్యార్థికి ఒక్కొక్కప్పుడు కంటి ముందు సన్నని దారపు పోగులు, చిన్న చుక్కలు, దోమల వంటి నలుసులు తేలియాడుతున్నట్లు కనిపిస్తాయి. చూపు తిప్పితే అవీ కదులుతాయి. నిదానించి చూడబోతే పక్కకు జారిపోతాయి. అవి ఆకాశంలో ఉన్నవి కావు, కంటిలోనివే. సామాన్యులు ఈ వింతను చూచి మరచిపోతారు. కానీ తన కంటినే ప్రయోగశాలగా చేసుకొని, తన నేత్రపటలాన్ని తానే దర్శించిన మహాశాస్త్రవేత్త ఒకరున్నారు. ఆయనే సర్ చంద్రశేఖర వెంకట రామన్. ఆయన బాల్యం గడచింది ఆనాడు నర్సీపట్నానికి జిల్లా కేంద్రమైన విశాఖపట్నంలోనే.

రామన్ 1888 నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లి సమీపంలోని తిరువానైక్కావల్‌లో జన్మించాడు. తల్లి పార్వతీ అమ్మాళ్, తండ్రి చంద్రశేఖర అయ్యర్. 1892లో తండ్రి విశాఖపట్నంలోని ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడుగా చేరడంతో కుటుంబం ఆ సముద్రతీరానికి తరలివచ్చింది. రామన్ 11వ ఏట మెట్రిక్యులేషన్, 13వ ఏట ఎఫ్.ఏ. పరీక్షలలో ఉత్తీర్ణుడైనాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి, 1904లో బి.ఏ.లో ప్రథమస్థానం సంపాదించాడు. 1906లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే, కాంతి వివర్తనంపై ఆయన రాసిన వ్యాసం లండన్ నుండి వెలువడే ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో అచ్చయింది.

పై చదువులకు ఇంగ్లండు వెళ్ళాలన్న తలంపునకు అనారోగ్యం అడ్డువచ్చింది. ఆ దేశపు చలిని ఆయన శరీరం తట్టుకోలేదని వైద్యుడు తేల్చాడు. అందుచేత 1907లో ఆర్థికశాఖలో ఉద్యోగం స్వీకరించి కలకత్తా చేరాడు. పగలు కార్యాలయంలో లెక్కలు చూస్తూ, ఉదయం, సాయంత్రం భారతీయ విజ్ఞాన అభివృద్ధి సంఘపు ప్రయోగశాలలో పరిశోధనలు సాగించాడు. 1917లో ఆ పెద్ద ఉద్యోగాన్ని వదలి, తక్కువ జీతానికి కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైనాడు.

1921లో రామన్ ఓడలో ఇంగ్లండుకు పోయి వచ్చాడు. మధ్యధరా సముద్రపు నీలిమ ఆయనను ముగ్ధుణ్ణి చేసింది. ఆకాశపు నీలం ప్రతిఫలించడం వల్లనే సముద్రం నీలంగా కనిపిస్తుందని అప్పట్లో పెద్దలు భావించేవారు. రామన్ తన వద్దనున్న నికల్ పట్టకంతో ఆ ప్రతిఫలన కాంతిని తొలగించి చూచాడు. నీలిమ తగ్గలేదు సరికదా, మరింత గాఢమైంది. నీటి అణువులు కాంతిని పరిక్షేపించడమే దానికి కారణమని ఆయన గ్రహించాడు.

ఆ ఆలోచనే 1928 ఫిబ్రవరి 28వ తేదీకి దారితీసింది. సూర్యకాంతిని ఊదారంగు అద్దం గుండా ద్రవంలోనికి పంపి, ఆ ఊదాకాంతిని ఆపివేయగల ఆకుపచ్చ అద్దం గుండా చూచినా ద్రవంలో సన్నని వెలుగుజాడ కనిపించింది. అనగా ఆ కాంతిలో స్వల్పభాగం రంగు మార్చుకొని వెలువడుతున్నదన్న మాట. కె.ఎస్. కృష్ణన్ మొదలైన శిష్యుల తోడ్పాటుతో స్థిరపరచిన ఈ సత్యమే రామన్ ఫలితం. దానికి 1930లో నోబెల్ బహుమతి లభించింది. ఆ వెలుగుజాడను మొదట పట్టింది ఖరీదైన యంత్రం కాదు, మానవ నేత్రం.

బెంగళూరులో స్థిరపడిన రామన్ 70 ఏళ్ళు దాటిన తరువాత ఆ నేత్రంపైనే దృష్టి నిలిపాడు. రంగుటద్దాన్ని కంటి ముందుంచుకొని, వెలుగు నిండిన తెరను కొంతసేపు చూచి, అద్దాన్ని హఠాత్తుగా తొలగించేవాడు. అప్పుడు తెరపై క్షణకాలం ఆయనకు తన నేత్రపటలపు చిత్రమే పెద్దదిగా కనిపించేది. ఈ పరిశీలనలను 1968లో దృష్టి శరీరధర్మంపై గ్రంథంగా ప్రకటించాడు. వర్ణదృష్టికి మూడు ప్రాథమిక గ్రాహకాలు ఆధారమన్న సిద్ధాంతాన్ని ఆయన అంగీకరించలేదు. అయితే నేత్రపటలంలో మూడు రకాల శంకుకణాలున్నాయని 1960లలోనే ఇతరుల కొలతలు నిరూపించాయి. విజ్ఞానలోకం రామన్ వాదాన్ని స్వీకరించలేదు. ఎంతటి మహనీయుని మాటైనా ప్రయోగపు పరీక్షకు నిలవవలసిందే. 1970 నవంబరు 21వ తేదీన ఆయన పరమపదించాడు.

రామన్ జీవించి ఉండగానే, 1960లో, అమెరికాలో మైమన్ తొలి లేజరును వెలిగించాడు. ఒకే రంగు గల ఆ తీక్షణ కాంతి రామన్ ఫలితపు పరిశోధనకు కొత్త ఊపిరి పోసింది. కంటి వైద్యంలోనూ ప్రవేశించింది. కంటిలోపల నిండి ఉండే కాచాభ రసంలో అధికభాగం నీరే. వయసుతో పాటు అందులోని సన్నని నారలు ముద్దకట్టి నేత్రపటలంపై నీడలు పరుస్తాయి. ఆ నీడలే మనకు కనిపించే నలుసులు. చాలామందికి ఇవి హాని చేయవు, కాలక్రమాన అలవాటవుతాయి. చూపును బాగా ఇబ్బంది పెట్టే కొన్ని నలుసులను యాగ్ లేజరుతో ఛేదించే చికిత్స ఉన్నది. 2017లో అమెరికాలో 52 మందిపై జరిగిన పరీక్షలో, ఆరు నెలల తరువాత, లేజరు పొందిన వారిలో సుమారు సగం మంది బాగా మెరుగైనామన్నారు. చికిత్స చేసినట్లు నటించి వదిలిన వారిలో ఒక్కరూ అలా చెప్పలేదు. ఫలితం ఆశాజనకమే అయినా 52 చిన్న సంఖ్య. గురి తప్పితే కటకానికో, నేత్రపటలానికో గాయమయ్యే ప్రమాదమూ ఉన్నది. అందుచేత వైద్యులు అందరికీ దీనిని సూచించరు.

అయితే ఒక హెచ్చరికను ఎన్నడూ మరువరాదు. అకస్మాత్తుగా నలుసులు వానజల్లువలె పెరిగినా, మెరుపులు మెరసినట్లు తోచినా, చూపునకు ఒక పక్క తెర దిగినట్లున్నా ఆ రోజే నేత్రవైద్యుని ఆశ్రయించాలి. నేత్రపటలం చిరిగిన సూచన అది కావచ్చు. సకాలంలో గుర్తించిన చిరుగును లేజరుతో అతికి చూపును కాపాడవచ్చు. ఆలస్యమైతే చూపే పోవచ్చు.

రామన్ ఫలితాన్ని కనుగొన్న ఫిబ్రవరి 28వ తేదీని 1987 నుండి జాతీయ విజ్ఞాన దినోత్సవంగా జరుపుకొంటున్నాము. అందరూ చూచే సముద్రాన్నే, అందరికీ ఉన్న కంటినే ఆయన శ్రద్ధగా చూచాడు. కనిపించినదానిని ఉపేక్షించకుండా ప్రశ్నించడం, తోచినదానిని పరీక్షించిన పిమ్మటనే నమ్మడం ఆయన జీవితం నేర్పే పాఠం.