అనంత కరవు విని చలించిన నర్సుల గురువు

1876లో మన అనంతపురం ఇంకా జిల్లా కాలేదు, బళ్లారిలో భాగంగా ఉండేది. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. 1878 దాకా సాగిన ధాత కరవులో మద్రాసు రాజధానిలో లక్షలాది ప్రాణాలు పోయాయి. బళ్లారి, కర్నూలు, కడప ఘోరంగా దెబ్బతిన్నాయి. ఆ వార్తలు విని లండన్‌లో ఒక స్త్రీ తల్లడిల్లిపోయారు. అనారోగ్యంతో ఎక్కువగా గదికే పరిమితమైన ఆమె పేరు ఫ్లోరెన్స్ నైటింగేల్.

1820 మే 12న సంపన్నుల ఇంట పుట్టిన ఆమె, 1837లో పదహారేళ్ల వయసులో దేవుని పిలుపు విన్నారు. నర్సు పని ఆ రోజుల్లో గౌరవమైనది కాదు. తల్లి, అక్క ఏళ్ల తరబడి అడ్డుకున్నారు. చివరికి 1851లో జర్మనీలో లూథరన్ పాదిరి ఫ్లీడ్నర్ నడిపే కైజర్స్‌వెర్త్ డీకనెస్‌ల ఆశ్రమంలో మూడు నెలలు సేవ నేర్చుకున్నారు. 1854లో క్రిమియా యుద్ధ సమయంలో 38 మంది నర్సులతో వెళ్లిన కథ అందరికీ తెలిసిందే.

అసలు పని ఆ తర్వాతే మొదలైంది. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల బడి తెరిపించారు. తాను తరగతిలో నిలబడి పాఠం చెప్పలేదు. అయినా విద్యార్థినుల డైరీలు చదివేవారు, ఒక్కొక్కరినీ ఇంటికి పిలిచి మాట్లాడేవారు. అలసిన నర్సులను తన ఖర్చుతో విశ్రాంతికి పంపేవారు. మెత్తని మనిషేమీ కాదు, తప్పు కనబడితే ఊరుకునేవారు కాదు. 1872 నుంచి తరచూ ఏడాదికొక ఉత్తరం రాస్తే, దాన్ని నర్సులందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించేవారు. శిక్షణ ముగిసిందని నేర్చుకోవడం మానేస్తే వెనక్కి జారినట్టేనన్నది ఆమె పట్టు. ఆ శిష్యుల్లో లూసీ ఆస్బర్న్ 1868లో ఆస్ట్రేలియాలోని సిడ్నీకి వెళ్లి అక్కడ నర్సింగ్‌కు పునాది వేశారు.

చేతిలో దీపమున్న బొమ్మ మనకు బాగా గుర్తుంది, ఆమె కరవు గురించి రాసింది మాత్రం మరుగున పడింది. భారతదేశంలో ఎన్నడూ అడుగు పెట్టకపోయినా 1859 నుంచి ఇక్కడి ఆరోగ్య నివేదికలు తెప్పించుకుని చదివారామె. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన మన కాటన్ దొరతో ఉత్తరాలు నడిపారు. 1878లో భారత ప్రజల గురించి రాసిన వ్యాసంలో కరవును వానల లోపంగా చూసి వదిలేయలేదు. సాగునీటి కాలువలు కావాలన్నారు, రైతును పీల్చే వడ్డీ వ్యాపారిని ఎండగట్టారు. మంచం మీది రోగికి గాలి, నీరు, శుభ్రత ఎందుకు లేవని అడిగిన మనిషే పల్లెకు నీళ్లెందుకు లేవని అడిగారు. పాలకులు ఆ మాట పెద్దగా చెవిన పెట్టలేదు.

నర్సింగ్ కళాశాలల్లో దీపాలు వెలిగించి ఆమె పేరిట చేసే ప్రతిజ్ఞ ఆమె రాసింది కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో లిస్ట్రా గ్రెటర్ బృందం కూర్చింది. ఆమె పుట్టినరోజు మాత్రం అంతర్జాతీయ నర్సుల దినమైంది.

1910 ఆగస్టు 13న తొంభయ్యేళ్ల వయసులో కన్నుమూశారు. రాజులు, మహాకవులు నిద్రించే వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేస్తామంటే బంధువులు వద్దన్నారు. ఈస్ట్ వెల్లో అనే పల్లె చర్చి ఆవరణలోని ఆ రాతి మీద ఆమె పూర్తి పేరు ఉండదు. రెండు పొడి అక్షరాలు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, అంతే.