జెన్స్ జెన్సెన్

జెన్స్ జెన్సెన్ (సెప్టెంబరు 13, 1860 - అక్టోబరు 1, 1951) డెన్మార్కులో జన్మించి అమెరికాలో స్థిరపడిన ప్రఖ్యాత ఉద్యానవన రూపశిల్పి. స్థానికంగా సహజంగా పెరిగే మొక్కలతోనే తోటలు తీర్చిదిద్దే పద్ధతికి ఆద్యులలో ఒకడు.

జీవితం

రైతు కుటుంబంలో పుట్టిన ఈయన 1884లో అమెరికాకు వలస వెళ్ళి, చికాగో నగరంలోని వెస్ట్ పార్కులలో కూలీగా చేరాడు. అక్కడ నాటిన విదేశీ పూలమొక్కలు బతకకపోవడంతో, చుట్టుపక్కల మైదానాలనుండి అడవి పూలమొక్కలు తెచ్చి 1888లో యూనియన్ పార్కులో 'అమెరికన్ గార్డెన్' నెలకొల్పాడు. క్రమంగా హంబోల్ట్ పార్కు పర్యవేక్షకుడయ్యాడు. పార్కుల యంత్రాంగంలోని అవినీతికి సహకరించనందున 1900లో ఉద్యోగం కోల్పోయి, సంపన్నుల గృహాలకు తోటలు రూపొందించాడు. 1905లో ప్రధాన పర్యవేక్షకుడిగా తిరిగివచ్చాడు.

తోటల పద్ధతి

చికాగోలో శీతాకాలం తీవ్రంగా ఉంటుంది. అందుకు అలవాటుపడిన హాథార్న్, క్రాబ్ ఆపిల్ వంటి చెట్లను ఈయన విరివిగా వాడాడు. ఆకులు రాలిన తరువాత కూడా హాథార్న్ అడ్డకొమ్మలు విశాలమైన మైదానాన్ని గుర్తుచేస్తాయి. చికాగోలోని కొలంబస్ పార్కు, డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్ నివాసమైన 'ఫెయిర్ లేన్' తోటలు ఈయన రూపకల్పనలలో ముఖ్యమైనవి.

చివరి దశ

1935లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఎల్లిసన్ బే వద్ద 'ది క్లియరింగ్' పాఠశాలను స్థాపించాడు. 1939లో 'సిఫ్టింగ్స్' అనే గ్రంథం వెలువరించాడు. 91వ ఏట మరణించాడు.