లాయిడ్ జార్జి

బ్రిటనులోని వేల్సు సీమకు ఆంగ్లము గాక వెల్షు అను స్వభాష కలదు. ఆ భాషలో పెరిగిన లాయిడ్ జార్జి చరిత్రము మనము తెలిసికొనదగినది.

ఆయన 1863లో మాంచెస్టరు నగరమున జన్మించెను. శైశవముననే తండ్రి మరణింపగా, వేల్సులో చెప్పులు కుట్టి జీవించు మేనమామ ఆ కుటుంబమును చేరదీసెను. మేనల్లుని పరీక్షలకై ఆ మామ తానును లాటిను, ఫ్రెంచి భాషలు పఠించెను. ఆ బాలుడు న్యాయవాదియై, 1890లో పార్లమెంటు సభ్యుడై, 1908లో ఆర్థికమంత్రి యయ్యెను.

ఆ దినములలో కూలివాడు మంచము పట్టినచో ఆ యింట పొయ్యిలో పిల్లి లేచెడిది కాదు. ఈ దుఃస్థితి తొలగింప నెంచి, 1909 బడ్జెటులో ధనికుల ఆదాయముపైనను భూములపైనను ఆయన పన్నులు ప్రతిపాదించెను. ప్రభువుల సభ త్రోసిపుచ్చినను, 1910లో బడ్జెటు నెగ్గెను. 1911లో జాతీయ బీమా చట్టము వెలసెను. వారమునకు కార్మికుడు 4 పెన్నీలు, యజమాని 3, ప్రభుత్వము 2 చెల్లింపవలెను. జబ్బుపడిన కార్మికునకు వైద్యమును, పురుషునకైనచో వారమునకు 10 షిల్లింగులును లభించునట్లు ఏర్పాటయ్యెను. భార్యాబిడ్డల వైద్యము అందు చేరలేదు. ఆ లోటు 1948లో జాతీయ ఆరోగ్య సేవతో తీరెను.

1916 నుండి 1922 వరకు ప్రధానమంత్రిగా నుండి, ఆయన 1945లో మరణించెను. వెల్షు మాతృభాషగా గల బ్రిటిషు ప్రధాని ఆయన యొక్కడే. ఇంట నొక భాష, బయట వేరొక భాష గల మనకు ఆయన ఆత్మీయుడు. ఒకని రోగభారమును పలువురు పంచుకొనిన అది తేలిక యగునని ఆ చట్టము మనకు బోధించుచున్నది.