పట్టాలను చూసి ఇంజను గీసిన మనిషి – హెర్బర్ట్ గారట్

మన ఉప్పలగుప్తం మండలంలో రైలు పట్టా లేదు. ఏరు అవతల కోటిపల్లి దాకా 1928లో రైలు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆ పట్టాలు పీకి పట్టుకుపోయారు. 2004లో మళ్లీ వేశారు. గోదావరి పాయలు దాటి అమలాపురం మీదుగా నరసాపురం చేరాల్సిన లైను కోసం మనవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూస్తూనే ఉన్నారు. రైలుకు ఇంత దూరంగా పెరిగిన మనకు ఒక రైలింజన్ల ఇంజనీరు కథ ఎందుకు? ఆయన తలకెత్తుకున్న సమస్య మనకు బాగా తెలిసినదే కాబట్టి. మెత్తని నేల మీద పెద్ద బరువు మోయడం ఎలా అన్నదే ఆ సమస్య.

హెర్బర్ట్ విలియం గారట్ 1864 జూన్ 8న లండన్‌లో పుట్టారు. 1879లో, పదిహేనేళ్ల వయసులో, నార్త్ లండన్ రైల్వే వారి బో వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరారు. తర్వాత సండర్‌లాండ్‌లో ఓడల ఇంజన్లు చేసే డాక్స్‌ఫర్డ్ కంపెనీలో పని నేర్చుకున్నారు. 1889లో అర్జెంటీనా వెళ్లి, 1892 నాటికి సెంట్రల్ అర్జెంటీన్ రైల్వేలో లోకోమోటివ్ సూపరింటెండెంట్ అయ్యారు. 1900 తర్వాత క్యూబా, ఆఫ్రికాలోని లాగోస్, పెరూ రైల్వేలలో పనిచేశారు.

ఆయన తిరిగిన దేశాల్లో చాలాచోట్ల పరిస్థితి ఒక్కటే. తక్కువ ఖర్చుతో వేసిన సన్నని పట్టాలు, బలం చాలని వంతెనలు, కొండల్లో ఇరుకు మలుపులు. సరుకేమో ఏటేటా పెరుగుతోంది. ఎక్కువ సరుకు లాగాలంటే పెద్ద ఇంజను కావాలి. ఇంజను పెద్దదైతే దాని బరువును పట్టా, వంతెన తట్టుకోలేవు. బరువు పంచడానికి చక్రాలు పెంచితే ఇంజను పొడుగై మలుపు తిరగదు.

దీనికి అప్పటికే ఒక దారి ఉంది. ఫ్రాన్స్‌లో అనటోల్ మాలే అనే ఇంజనీరు 1884లో ఒక పేటెంట్ తీసుకున్నారు. ఒకే పొడవాటి బాయిలరు కింద రెండు చక్రాల జట్లు ఉంటాయి. వెనక జట్టు బాయిలరుకు బిగించి ఉంటుంది, ముందు జట్టు అటూ ఇటూ తిరుగుతుంది. అమెరికాలో పెద్ద పెద్ద గూడ్సు ఇంజన్లు ఈ పద్ధతిలోనే వచ్చాయి. 1941 నాటి 'బిగ్ బాయ్' ఆ వంశంలోదే. అయితే ఇందులో బాయిలరు చక్రాల నెత్తినే కూర్చుంటుంది. కింద చక్రాలుంటే పొయ్యిని లోతుగా, బాయిలరును లావుగా చేసే వీలు తగ్గుతుంది. మలుపులో బాయిలరు ముందు భాగం పట్టా దాటి బయటికి తూలుతుంది.

గారట్ ఇంగ్లండ్ తిరిగివచ్చి, ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రైల్వే తరఫున అక్కడ తయారయ్యే సామగ్రిని తనిఖీ చేసే ఉద్యోగంలో ఉన్నారు. రైలు బండ్ల మీదికెక్కించిన పెద్ద ఫిరంగులను చూసినప్పుడు ఆయనకు ఈ ఆలోచన తట్టిందని చెబుతారు. 1907లో పేటెంట్‌కు దరఖాస్తు చేశారు.

ఆ ఆలోచన మన కోనసీమ వాళ్లకు చెప్పడం తేలిక. కనుమ నాడు జగ్గన్నతోటకు ప్రభలు వరిచేల మీదుగా వెళ్లడం చూశాం కదా. ప్రభ నేలను తాకదు. ముందు కొందరు, వెనక కొందరు భుజాన మోస్తారు. మలుపు వస్తే ముందువాళ్లు ముందు తిరుగుతారు, వెనకవాళ్లు ఆ వెంట తిరుగుతారు. బరువంతా ఎన్నో పాదాల మీదికి పంచుకుపోతుంది కాబట్టి మెత్తటి చేను కూడా మోస్తుంది. గారట్ ఇంజనులో ప్రభ స్థానంలో బాయిలరు ఉంటుంది. ముందొక ఇంజను జట్టు నీళ్ల ట్యాంకుతో, వెనకొక జట్టు బొగ్గు, నీళ్లతో. మధ్యలో బాయిలరు ఒక ఫ్రేము మీద వేలాడుతుంది. దాని కింద చక్రాలుండవు గనుక పొయ్యిని లోతుగా, బాయిలరును పొట్టిగా, లావుగా చేయవచ్చు. మలుపులో బాయిలరు బయటికి తూలకుండా లోపలివైపే ఉంటుంది. ఇబ్బందులూ లేకపోలేదు. కదిలే జట్లకు ఆవిరి పంపే గొట్టాల కీళ్లు కారకుండా చూసుకోవాలి. బొగ్గు, నీళ్లు ఖర్చవుతున్నకొద్దీ చక్రాల మీద బరువు తగ్గి పట్టు సడలుతుంది.

మాంచెస్టర్‌లోని బేయర్ పీకాక్ కంపెనీ 1909లో మొదటి రెండు గారట్ ఇంజన్లను ఆస్ట్రేలియాలోని టాస్మేనియా కోసం చేసింది. రెండడుగుల గేజి, బరువు సుమారు 33 టన్నులు. 1911లో మన డార్జిలింగ్ కొండ రైలుకు ఒకటి వచ్చింది. ఇలా చిన్న చిన్న ఆర్డర్లు వస్తుండగానే 1913 సెప్టెంబరు 25న గారట్ చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 49.

అసలు పెద్ద ఇంజన్లన్నీ ఆ తర్వాతే వచ్చాయి. వాల్తేరు దాకా లైనున్న బెంగాల్ నాగపూర్ రైల్వే 1925లో గారట్లను తెప్పించి, చక్రధర్‌పూర్ వైపు ఎత్తుపల్లాల మీద గూడ్సు బళ్లకు పెట్టింది. 1929 నుంచి వచ్చిన ఎన్ తరగతి ఇంజను బరువు 234 టన్నులు, మొదటి గారట్‌కు ఏడు రెట్లు. మొత్తం 24 చక్రాలు, అందులో 16 లాగేవి. మన దేశంలో నడిచిన ఆవిరి ఇంజన్లలో ఇవే పెద్దవి. ఆ రైల్వేను నమ్ముకుని ఉత్తరాంధ్ర నుంచి ఖరగ్‌పూర్ వలస వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. తూర్పు ఆఫ్రికాలో 1955లో వచ్చిన గారట్లు మీటర్‌గేజి పట్టా మీదే 250 టన్నులు దాటాయి. బేయర్ పీకాక్ ఒక్కటే వెయ్యికి పైగా గారట్లు తయారుచేసింది. వీటిలో ఒక్క పెద్ద ఇంజనునూ గారట్ కళ్లారా చూడలేదు.

మన బడి నుంచి ఏటా కొందరు పిల్లలు ఇంజనీరింగు వైపు వెళుతున్నారు. వాళ్లకు నేను గారట్ కథ చెప్పేది ఒక్క సంగతి కోసం. ఆయన ముందు ఇంజను గీసి, తర్వాత దానికి తగ్గ పట్టా వేయమనలేదు. ఉన్న పట్టా ఎంత మోయగలదో పద్దెనిమిదేళ్లు దేశదేశాల్లో చూసి, ఆ తర్వాతే గీత గీశారు. ఇసుక, ఒండ్రు కలిసిన మన నేల మీద వంతెన కట్టినా, ఇల్లు కట్టినా మొదట వేసుకోవాల్సిన ప్రశ్న అదే.

ఢిల్లీ వెళ్లినప్పుడు చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియానికి పిల్లల్ని తీసుకెళ్లండి. ఎన్ తరగతి 811 నంబరు ఇంజను అక్కడుంది. దాని పొడవు చూసి ఆశ్చర్యపోయాక, బాయిలరు కింద ఒకసారి వంగి చూడమనండి. అక్కడ చక్రాలు ఎందుకు లేవో వాళ్లనే చెప్పమనండి.