‘దీనబంధు’ లోఖండే

ముంబైలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఏదో ఒక తరంలోనైనా బట్టల మిల్లుతో ముడిపడనివి తక్కువ. మన పాఠశాల ప్రవేశ రిజిస్టర్లలో తండ్రి వృత్తి అనే గడిలో చాలా ఏళ్ళపాటు తరచుగా కనిపించిన మాట మిల్లు కార్మికుడు అన్నదే. అట్టి కార్మికులను మొట్టమొదట ఒకచోట సమావేశపరచి, వారి కోర్కెలను కాగితం మీద పెట్టి ప్రభుత్వానికి వినిపించిన మహనీయుడు నారాయణ్ మేఘాజీ లోఖండే. ఈ ప్లాటినం జూబిలీ సంచికలో ఆయన జీవితాన్ని గురించి వ్రాయడం సముచితమని భావించాను.

లోఖండే 1848లో ఠాణేలో ఒక పేద మాలీ కుటుంబంలో జన్మించారు. మహాత్మా జోతిబా ఫూలే పుట్టిన కులం కూడా అదే. పేదరికం వలన చదువు ఎంతో కాలం సాగలేదు. రైల్వేలోను, తపాలా శాఖలోను చిన్న ఉద్యోగాలు చేసి, పిమ్మట బొంబాయిలో ఒక బట్టల మిల్లులో స్టోర్‌కీపరుగా చేరారు. కార్మికుల కష్టాలను ఆయన పుస్తకాలలో చదివి తెలుసుకోలేదు. ఆ మిల్లు ఆవరణలోనే కళ్ళారా చూశారు.

నాటి మిల్లుల స్థితి కొంత వివరించక తప్పదు. కవాస్‌జీ దావర్ స్థాపించిన బొంబాయి తొలి నూలు మిల్లు 1856లో పని ప్రారంభించింది. అమెరికా అంతర్యుద్ధ కాలంలో పత్తి వ్యాపారం వల్ల నగరంలో ధనం పోగుపడింది. తరువాత బొంబాయి నూలు చైనా దేశానికి ఓడలకెక్కింది. దీపాల వసతి లేనందున సూర్యోదయంతో మొదలైన పని సూర్యాస్తమయంతో ముగిసేది. వేసవిలో అది పదమూడు, పద్నాలుగు గంటలు! వారపు సెలవు లేదు. యంత్రాలు శుభ్రం చేసే రోజున కూడా కార్మికుడు రావలసిందే. జీతం చేతికి వచ్చేసరికి మరో నెల సగం గడిచేది. ఈలోగా వడ్డీ వ్యాపారి పద్దు పెరిగేది.

పిల్లలూ ఆ మిల్లులలోనే ఉండేవారు. నిండిన కండెలు తీసి ఖాళీవి పెట్టడానికి, తెగిన పోగులు అతకడానికి చిన్న వేళ్ళు అనువైనవని యజమానులు భావించారు. ఆ కూలీ డబ్బులు లేనిదే ఇల్లు గడవని తల్లిదండ్రులూ పంపేవారు.

ఇక్కడ ఒక విచిత్రాన్ని గమనించాలి. భారతీయ మిల్లులలో పని గంటలు తగ్గించాలని గట్టిగా కోరినవారిలో ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లు యజమానులు ముఖ్యులు. తమ దేశంలో ఫ్యాక్టరీ చట్టాలు ఉండగా బొంబాయిలో లేకపోవడం తమ వ్యాపారానికి నష్టమని వారి బాధ. ఆ చట్టం వస్తే బాల్యదశలో ఉన్న స్వదేశీ పరిశ్రమ నశిస్తుందని బొంబాయి యజమానులు, వారితోపాటు పలువురు దేశభక్తులు వాదించారు. ఇరుపక్షాల వాదనలోనూ న్యాయం కొంత లేకపోలేదు. కాని కండెలు మార్చే పిల్లవాడు మాత్రం ఇద్దరికీ లెక్కలో ఒక అంకె. స్వలాభం చూసుకోకుండా ఈ విషయం ఎత్తుకున్నవారు లేరని కాదు. సొరాబ్‌జీ షాపూర్‌జీ బెంగాలీ అనే పార్శీ సంస్కర్త 1878లోనే స్వయంగా ఒక బిల్లు ముసాయిదా తయారుచేశారు.

ఎట్టకేలకు 1881లో తొలి ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. ఏడేళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టరాదు. ఏడు నుంచి పన్నెండేళ్ళ వారికి రోజుకు తొమ్మిది గంటల పని, ఒక గంట విరామం, నెలకు నాలుగు సెలవులు. అది నూరుమందికి పైగా పనిచేసే కర్మాగారాలకే వర్తించింది. పెద్దలకు, స్త్రీలకు అందులో పని గంటల పరిమితి ఏదీ లేదు. పుట్టిన తేదీ వ్రాసిపెట్టుకునే అలవాటు లేని ఇళ్ళ పిల్లల వయస్సును వైద్యుడు చూసి నిర్ణయించేవాడు. ప్రతి జూన్ నెలలోను జన్మదిన ధ్రువపత్రాల కోసం తల్లిదండ్రులతో పెనుగులాడే నాకు, ఆరేళ్ళవాడు ఎనిమిదేళ్ళవాడుగా మారడం ఎంత తేలికో తెలుసు.

మరుసటి సంవత్సరం, అంటే 1882లో, హంటర్ విద్యా కమిషన్‌కు సమర్పించిన విజ్ఞప్తిలో ఫూలే, పన్నెండేళ్ళ వయస్సు వరకైనా ప్రాథమిక విద్యను నిర్బంధం చేయాలని కోరారు. చట్టం మిల్లుకు అప్పగించిన వయస్సునే ఫూలే బడికి ఇమ్మని అడిగారన్నమాట! ఆ విన్నపం నెరవేరలేదు.

లోఖండే ఆ ఫూలే అనుచరులు, సత్యశోధక సమాజ సభ్యులు. 1873లో పుణేలో వెలసిన ఆ సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో మన తెలుగువారు ఉండడం మనకు గర్వకారణం. కామాటీలుగా పేరొందిన తెలుగు కుటుంబాలకు చెందిన వ్యంకు బాళోజీ కాళేవార్, రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి కాంట్రాక్టర్లు ఆ ఉద్యమానికి ధనసహాయం చేశారు. వారి పేర్లు నేడు మన సభలలో వినిపించడం లేదు. 1877లో పుణేలో కృష్ణారావు భాలేకర్ ప్రారంభించిన ‘దీనబంధు’ పత్రికను 1880లో లోఖండే బొంబాయికి తెచ్చి, జీవితాంతం సంపాదకులుగా నడిపారు. రైతులు, కార్మికులు తమ గోడు చూసుకోగలిగిన పత్రిక అది.

1884 సెప్టెంబరులో ఆయన పరేల్ ప్రాంతంలో కార్మికుల సభలు జరిపారు. సుమారు 5,500 మంది సంతకాలతో ఒక విజ్ఞప్తి సిద్ధమైంది. ప్రతి ఆదివారం సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, ఉదయం ఆరున్నరకు మొదలై సూర్యాస్తమయానికి ముగిసే పని, మరుసటి నెల పదిహేనో తేదీలోగా జీతం, గాయపడినవారికి కోలుకునేవరకు పూర్తి జీతం, అంగవైకల్యం పొందినవారికి జీవనోపాధి: ఇవే అడిగినవి. కార్మికులే స్వయంగా నోరు విప్పడం యజమానులకు మింగుడుపడని విషయం. ఈ కోర్కెలలో పిల్లల ప్రస్తావన విడిగా లేదన్నది నాకు కొంత బాధ కలిగించిన సంగతి. తండ్రికి విశ్రాంతి, సకాలంలో జీతం లభిస్తే బిడ్డను పంపే అవసరం తగ్గుతుందని తలచారేమో! ఇది నా ఊహ మాత్రమే.

లోఖండే అధ్యక్షులుగా బొంబాయి మిల్‌హ్యాండ్స్ అసోసియేషన్ ఏర్పడింది. చందాలు, సభ్యత్వ పుస్తకం, నియమావళి లేని ఆ సంస్థను కార్మిక సంఘమనవచ్చునా అని పండితులు నేటికీ సందేహిస్తారు. వారి సందేహం సబబే కావచ్చు. అయినా 1890 ఏప్రిల్ 24న మహాలక్ష్మి మైదానంలో పదివేల మంది కార్మికులు గుమికూడారు. ఆ సభలో ఇద్దరు శ్రామిక స్త్రీలు ప్రసంగించారు. తత్ఫలితంగా జూన్ 10న మిల్లు యజమానుల సంఘం ఆదివారం సెలవుకు అంగీకరించింది. సర్కారు కచేరీలకు ఏనాటి నుంచో ఉన్న ఆదివారం మిల్లు గేటు దాటడానికి అంతకాలం పట్టింది.

అదే ఏడు ప్రభుత్వం నియమించిన ఫ్యాక్టరీ కార్మిక కమిషన్‌కు బొంబాయి కార్మికుల పక్షాన లోఖండే సహకరించారు. 1891 చట్టంలో తొమ్మిదేళ్ళలోపు పిల్లలకు పని నిషేధమైంది. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ వారికి ఏడు గంటలు, స్త్రీలకు పదకొండు గంటలు పరిమితి ఏర్పడింది. వారపు సెలవు చట్టంలో చేరింది. అయితే సగం పూట మిల్లులో ఉండే పిల్లవాడికి మిగిలిన పూట బడి ఉండాలన్న ఏర్పాటు అందులో లేదు.

1890లోనే వితంతువులకు శిరోముండనం చేయబోమని బొంబాయి మంగలివారిచేత ప్రతిన చేయించే ఉద్యమానికి ఆయన తోడ్పడ్డారు. 1893లో హిందూ ముస్లిం కలహాలు చెలరేగినప్పుడు శాంతి కోసం శ్రమించారు. ప్రభుత్వం ఆయనకు రావు బహదూర్ బిరుదు ఇచ్చింది.

1896లో బొంబాయిలో ప్లేగు ప్రబలింది. మిల్లు కార్మికులు వేలాదిగా స్వగ్రామాలకు తరలిపోయారు. లోఖండే నగరం విడువక రోగుల సేవలో నిలిచి, ఆ వ్యాధి సోకి 1897 ఫిబ్రవరి 9న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు యాభై కూడా నిండలేదు.

2005లో భారత తపాలా శాఖ ఆయన స్మృత్యర్థం ఒక బిళ్ళను విడుదల చేసింది. ఆనాటికి పరేల్‌లో మిల్లుల సైరన్లు చాలావరకు ఆగిపోయాయి.