తూసాన్ లూవెర్త్యూర్

చెరకు రసాన్ని కాచి చక్కెరగా మార్చే నేర్పు ప్రాచీన భారతదేశంలో వికసించి, పారశీక, అరబ్బు దేశాల మీదుగా యూరప్‌కు చేరింది. సంస్కృతంలోని ‘శర్కర’ శబ్దమే రూపాంతరం చెంది అనేక యూరోపియన్ భాషలలో స్థిరపడింది. 1493లో కొలంబస్ తన రెండవ యాత్రలో చెరకు మొక్కలను కరీబియన్ దీవులకు తీసుకొనిపోయాడు. యూరప్ ప్రజలు తీపికి అలవాటు పడేకొద్దీ ఆ దీవులలో తోటలు పెరిగాయి. తోటలలో పనిచేయడానికి ఆఫ్రికా నుండి లక్షలాది మందిని బంధించి ఓడలలో తరలించారు. ఆ దౌర్జన్యాన్ని ఎదిరించి నిలిచిన మహాయోధుడు తూసాన్ లూవెర్త్యూర్.

నేటి హైతీ దేశం ఆనాడు సాన్ డొమింగ్ అనే పేరుతో ఫ్రాన్సుకు వలసగా ఉండేది. 18వ శతాబ్ది చివరినాటికి ప్రపంచంలో అత్యధికంగా చక్కెరను ఎగుమతి చేసిన ప్రాంతం అదే. అక్కడ సుమారు 5 లక్షల మంది బానిసలు ఉండేవారు. నరికిన చెరకును వెంటనే ఆడకపోతే రసం పులిసిపోతుంది. అందువలన కోతల కాలంలో గానుగలు రాత్రింబవళ్లు తిరిగేవి. నిద్రలేమితో తూలిపోయిన కూలివాని చేయి గానుగలో చిక్కుకుంటే, ప్రాణం దక్కడానికి ఆ చేతినే నరికివేసేవారు. మరిగే కాగుల వద్ద ఒళ్లు కాలినవారికి లెక్కలేదు. జననాలకంటె మరణాలే ఎక్కువ కావడంతో యజమానులు ఏటేటా కొత్తవారిని కొనేవారు.

తూసాన్ 1743 ప్రాంతంలో బ్రెడా అనే తోటలో బానిస కుటుంబంలో జన్మించాడు. బాల్యంలో బలహీనుడైనప్పటికీ గొప్ప ఆశ్వికుడుగా పేరు పొందాడు. పశువుల పోషణ, మూలికావైద్యం నేర్చాడు. అక్షరజ్ఞానం సంపాదించాడు. తోట నిర్వాహకునికి బండి తోలుతూ అతని విశ్వాసాన్ని చూరగొన్నాడు. 30 ఏళ్లు దాటిన కొద్దికాలానికే అతనికి బానిసత్వం నుండి విముక్తి లభించింది. అయితే ఆ తరువాత అతడు కూడా కొంతకాలం బానిసలు పనిచేసే ఒక కాఫీతోటను కౌలుకు తీసుకున్నాడు. ఆ సమాజంలో స్వేచ్ఛ పొందినవానికి సైతం బ్రతుకుతెరువు బానిసత్వంతో ముడిపడి ఉండేది.

1791 ఆగస్టులో ఉత్తర మైదానంలోని బానిసలు తిరగబడ్డారు. చెరకుతోటలు, గానుగశాలలు అగ్నికి ఆహుతి అయ్యాయి. తూసాన్ ముందుగా నిర్వాహకుని భార్యను సురక్షిత స్థానానికి చేర్చాడు. అనంతరం తిరుగుబాటుదారులతో చేరి, వైద్యునిగా సేవచేసి, క్రమంగా సేనానిగా ఎదిగాడు. మొదట స్పెయిన్ పక్షాన పోరాడాడు. 1794లో ఫ్రాన్సు తన వలసలలో బానిసత్వాన్ని రద్దుచేయగా ఫ్రెంచి పక్షానికి వచ్చాడు. ద్వీపాన్ని ఆక్రమించ వచ్చిన బ్రిటిషు సైన్యం 1798లో అతని ధాటికి వెనుదిరిగింది. 1801లో అతడు ప్రకటించిన రాజ్యాంగం బానిసత్వాన్ని శాశ్వతంగా నిషేధించింది.

అయినా అతని ముందు ఒక కఠిన సమస్య నిలిచింది. స్వేచ్ఛను కాపాడుకోవడానికి ఆయుధాలు కావాలి. ఆయుధాలు కొనడానికి ధనం కావాలి. ధనం చక్కెర, కాఫీల ఎగుమతుల వలననే వచ్చేది. అందువలన విముక్తులైన కూలీలు తోటలను విడిచిపోరాదని అతడు శాసించాడు. పంటలో నాలుగవ వంతు వారికి వేతనంగా ఇచ్చినా, తమకంటూ చిన్న కమతం కోరుకున్న ప్రజలకు ఆ శాసనం రుచించలేదు. 1801 చివరలో చెలరేగిన తిరుగుబాటును అతడు అణచివేసి, దానికి కారకుడని భావించిన మొయీజ్ అనే తన బంధువుకు మరణశిక్ష అమలు చేయించాడు. దీనితో ప్రజలలో కొందరు అతనికి దూరమయ్యారు.

1802లో నెపోలియన్ తన బావమరిది లెక్లేర్ నాయకత్వంలో పెద్ద సైన్యాన్ని పంపాడు. కొన్ని నెలల పోరాటం తరువాత తూసాన్ సంధికి అంగీకరించాడు. జూన్ నెలలో చర్చల నెపంతో పిలిపించి అతనిని నిర్బంధించి ఫ్రాన్సుకు పంపారు. ఉష్ణదేశంలో పెరిగిన ఆ వీరుడు మంచుకొండలలోని జూ దుర్గంలో చలితో, వ్యాధితో కృశించి 1803 ఏప్రిల్ 7న కన్నుమూశాడు.

కాని పోరాటం ఆగలేదు. బానిసత్వాన్ని పునరుద్ధరిస్తారని గ్రహించిన ప్రజలు మరల ఆయుధాలు పట్టారు. యుద్ధం వలన, పచ్చజ్వరం వలన ఫ్రెంచి సైన్యం నశించింది. 1804 జనవరి 1న దెసలీన్ నాయకత్వంలో హైతీ స్వతంత్ర దేశమైంది. ఆ స్వేచ్ఛకు హైతీ భారీ మూల్యం చెల్లించింది. తోటల యజమానులకు నష్టపరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు ఇవ్వాలని 1825లో ఫ్రాన్సు ఒత్తిడి చేసింది. 1838లో దానిని 9 కోట్లకు తగ్గించినా, ఆ ఋణభారం తరతరాలను క్రుంగదీసింది.

చక్కెర వ్యాపారం క్యూబా వంటి ప్రాంతాలకు తరలింది. బ్రిటిషు వలసలలో బానిసత్వం రద్దయ్యాక మారిషస్ చెరకుతోటలకు ఒప్పంద కూలీలు అవసరమయ్యారు. అప్పుడు కోరంగి రేవు నుండి తెలుగువారు కూడా ఓడలెక్కారు. మనిషి శ్రమకు న్యాయమైన విలువ దక్కాలనే ఆకాంక్ష తూసాన్ కాలంలోనే తీరిపోయినది కాదు. అతడు విజయం పూర్తిగా చూడలేదు. అతని నిర్ణయాలన్నీ నిర్దోషమైనవీ కావు. అయినప్పటికీ బానిసగా పుట్టి, బానిసత్వం లేని దేశానికి పునాది వేసిన వ్యక్తిగా చరిత్రలో అతని స్థానం చెక్కుచెదరనిది.